రద్దీ లేని పూట

కాకినాడలో రేవుకి వెళ్ళే రోడ్డు మీద పేర్రాజు మెస్సులో మధ్యాహ్నం భోజనం చెయ్యాలంటే ఆకలి ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు, ఓపిక కూడా ఉండాలి. తినేవాళ్ళ వెనకాల నిలబడి, ముందువాడు మజ్జిగ దాకా ఎప్పుడొస్తాడా అని వాడి విస్తరిలోకి చూస్తూ ఉండాలి. అలా చూస్తే వాడు సిగ్గుపడి త్వరగా లేస్తాడనుకోవడం పొరపాటు. పేర్రాజు ముక్కల పులుసు ముందు సిగ్గుపడ్డవాడు ఆ ఊళ్ళో ఎవడూ లేడు.

వంటా పేర్రాజే చేసేవాడు, పులుసు వడ్డనా ఆయనే చేసేవాడు. పప్పు, కూర ఎవరైనా వడ్డించవచ్చు గాని పులుసు గిన్నె మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. తల వంచుకుని, విస్తళ్ళు చూసుకుంటూ బంతి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోయేవాడు. తినేవాడి మొహం చూస్తే ఒకడికి ఎక్కువా ఇంకొకడికి తక్కువా పడుతుందని ఆయన నమ్మకం.

ఆయన ఒక్కగానొక్క కూతురు హైమవతికి ఈ తోపులాట చిన్నప్పట్నుంచీ గిట్టేది కాదు. మనిషి అన్నం కోసం ఇంకొక మనిషి వీపు వెనక నిలబడడం ఏమిటని చిరాకు పడేది. ఆ చిరాకే పెద్దయ్యాక చదువైంది. స్టాటిస్టిక్స్‌లో డాక్టరేటు చేసి, ఊళ్ళోనే ఒక పరిశోధనశాలలో చేరి, తన మొదటి ప్రయోగానికి తండ్రి మెస్సునే ఎంచుకుంది. గుమ్మం పైన అగ్గిపెట్టంత యంత్రం బిగించింది. లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ అది లెక్కపెడుతుంది.

కొన్ని వారాల లెక్క చేతికొచ్చాక, మెస్సు ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం గల్లా దగ్గర కూర్చుని తండ్రికి చెప్పింది.

"సగటున పది నిమిషాలకి ఆరుగురొస్తున్నారు నాన్నా."

"సగటు నా మెస్సుకి ఎప్పుడూ రాలేదే అమ్మా. వస్తే పదిమందీ కూడబలుక్కున్నట్టు వస్తారు. లేదంటే ఈగలు తోలుకోవాలి."

"కూడబలుక్కోకుండానే అలా వస్తారు. అదే ఇందులో వింత. పాయిజాన్ అని ఫ్రాన్సులో ఒక లెక్కలాయన ఎప్పుడో చెప్పి పోయేడు. ఎవరి మానాన వాళ్ళొస్తే చాలు, ఆ సగటు ఒక్కటీ పట్టుకుని మిగతాదంతా లెక్క కట్టొచ్చు. పది నిమిషాల్లో సరిగ్గా ఆరుగురే రావడం వందలో పదహారు సార్లు. పదిమందో ఇంకా ఎక్కువో వచ్చి పడ్డం వందలో ఎనిమిది సార్లు. ఒక్కడూ రాకపోవడం నాలుగొందల్లో ఒక్కసారి."

పేర్రాజు ఆలోచించాడు. "ఆ ఎనిమిది సార్లే నా పులుసు పలచనయ్యేది. మీ ఫ్రాన్సాయన దానికేం చెప్పేడు?"

"ఆయనేం చెప్పలేదు. ఆయన లెక్కగట్టి ఊరుకున్నాడు."

హైమ ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

అప్పటికి ఊళ్ళో ప్రతివాడి మణికట్టుకీ పలచటి కడియం ఉండేది. నాడి చూడడం, షుగరు చూడడం, బస్సు టిక్కెట్టు, ఆస్పత్రి చీటీ అన్నీ దాంట్లోనే. పరిశోధనశాలలో హైమ పక్క గదిలో పనిచేసే నఫీసా నరాల శాస్త్రం చదివినావిడ. ఆకలి కడుపులో పుట్టినా మెదడు దాకా నరాల మీదే ప్రయాణం చేస్తుందనీ, కడియం లోంచి చిన్న స్పందన పంపితే ఆ ప్రయాణాన్ని కాసేపు ఆపొచ్చు, లేదంటే కాస్త ముందే బయలుదేరదీయొచ్చు అనీ ఆవిడ అంతకుముందే ఎలుకల మీద రుజువు చేసింది. ఇద్దరూ ఒకరోజు టీ తాగుతూ తమ తమ పనులు చెప్పుకున్నారు. టీ చల్లారేలోపల ఒకరి పని ఇంకొకరి పనిలో కలిసిపోయింది.

ఆలోచన చాలా తేలిక. రద్దీ రాబోతోందని లెక్క చెప్పగానే, ఆ దారిన వచ్చే కొందరి ఆకలిని కాస్త వెనక్కి జరపాలి. ఖాళీ రాబోతోందంటే ఇంకొందరి ఆకలిని ముందుకి లాగాలి. ఎవరికీ తెలియదు. ఎవరికి వాళ్ళు తమకే ఆకలేసిందనుకుంటారు. తమకే వెయ్యలేదనుకుంటారు. దీనికి వాళ్ళ అనుమతి ఉందా అంటే ఉంది. కడియం తొడుక్కునేటప్పుడు ఎవరూ చదవకుండా ఒప్పుకునే షరతుల్లో ఆ ముక్క కూడా ఉంది. ఎవరి పేరూ బయటపడకూడదన్న నియమం మాత్రం వాళ్ళిద్దరూ నిజాయితీగానే పాటించారు. పరిశోధనశాల తెర మీద కడియాలు తొడుక్కున్న మనుషులందరూ పేర్లు లేని చుక్కలే.

పేర్రాజుకి ఇదంతా వివరంగా చెబితే ఒప్పుకునేవాడు కాదేమో. హైమ వివరంగా చెప్పలేదు. "రద్దీ తగ్గిస్తాను నాన్నా" అంది. కూతురు అడిగితే కాదనలేని బలహీనత ఆయనకుంది. సరేనన్నాడు.

రద్దీ తగ్గింది. ఎంతగా తగ్గిందంటే, నెల తిరిగేసరికి మెస్సులో ఎవరి వెనకాలా ఎవరూ నిలబడడం లేదు. ఒకడు చెయ్యి కడుక్కుంటుంటే ఇంకొకడు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. పులుసు పలచనవడం లేదు, మిగిలిపోవడమూ లేదు. తెర మీద ఆరుగురు, ఆరుగురు, ఆరుగురు. ఫ్రాన్సాయన గీసిన కొండలాంటి గీత కరిగిపోయి, దాని స్థానంలో ఒక్క గుంజ పాతినట్టు నిటారైన గీత నిలబడింది. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి చూసి మురిసిపోయారు. క్షౌరశాలలూ, క్లినిక్కులూ, కరెంటు బిల్లు కౌంటర్లూ తమకీ ఆ ఏర్పాటు కావాలన్నాయి. పేపర్లలో హైమ ఫొటో వేశారు. పేర్రాజు ఆ పేపరు కత్తిరించి గల్లా వెనక అతికించాడు గాని, ఎందుకో మునుపటి హుషారు మాత్రం లేదాయనలో.

అంతా బాగుంది, ఒక్క చుక్క తప్ప.

ఆ చుక్క పాత రోజుల్లోనూ వచ్చేది. ఎప్పుడు వచ్చేదీ అంటే, హాలు కిటకిటలాడుతున్నప్పుడే వచ్చేది. మిగతావాళ్ళు తమ ఆకలికి వస్తుంటే ఈ చుక్క జనాన్ని చూసి వచ్చేది. కడియం ఆకలి పంపిస్తే రోడ్డవతల టీకొట్టు దాకా వచ్చి ఆగిపోయేది. హాల్లో నలుగురైదుగురు పోగయ్యేదాకా అక్కడే నిలబడి, వాళ్ళతో పాటు లోపలికొచ్చేది. పోగవకపోతే వెనక్కి వెళ్ళిపోయేది, తినకుండా. నఫీసా దానికి మొండి చుక్క అని పేరు పెట్టింది.

"వదిలెయ్ హైమా. అంతమందిలో ఒక్కడు. ఊళ్ళో ఒక్క తిక్క మనిషైనా ఉండద్దూ" అందావిడ.

హైమ వదల్లేకపోయింది. పాయిజాన్ లెక్కంతా ఒకే ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంటుంది. ఎవరి రాకా ఇంకొకరి రాకని బట్టి ఉండదు అన్నదే ఆ నమ్మకం. ఈ చుక్క రోజూ దాన్ని తప్పని రుజువు చేస్తోంది. వేరే ఎవరైనా అయితే, ఒక మనిషి అలా ఎందుకు చేస్తున్నాడు అని అడిగి ఉండేవాళ్ళు. ఆ ప్రశ్న హైమకి తట్టలేదు. తన యంత్రం మాట వినని మనిషిని వినేలా చెయ్యడం ఎలా అన్నదే ఆమెకి తట్టింది. చదువుకున్న అహంకారం చాలా నిశ్శబ్దంగా పనిచేస్తుంది. దాన్ని ఆమె శ్రద్ధ అనుకుంది.

ఆ చుక్కకి స్పందన పెంచింది. మర్నాడు ఇంకాస్త పెంచింది.

"మామూలు మనిషైతే ఈపాటికి గోడలు గీక్కుని తినాలి" అంది నఫీసా. ఆవిడ మొహంలో నవ్వు లేదు. "ఇంత ఆకలిని పట్టుకుని నిలబడుతున్నాడంటే, నరం మీద అది రెండు వైపుల నుంచి లాగినట్టు. మంచిది కాదు."

"కొంచెమేగా. ఒక్కసారి అలవాటైతే మళ్ళీ తగ్గించేద్దాం."

ఆ వారంలోనే ఒకరోజు, మొదటి మనిషి ఇంకా రాక హాలు పూర్తిగా ఖాళీగా ఉన్న వేళ, మొండి చుక్క టీకొట్టు దగ్గర నుంచి కదిలింది. రోడ్డు దాటింది. గుమ్మం దగ్గర చాలాసేపు ఆగి, లోపలికి వచ్చింది. హైమ కుర్చీలోంచి లేచి నిలబడింది. గదిలో వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికే చుక్క బయటికి వెళ్ళిపోయింది. అంత త్వరగా ఎవరూ భోజనం ముగించలేరని ఆ సందట్లో ఎవరికీ తోచలేదు. హైమ అందరికీ మిఠాయి తెప్పించింది.

ఆ చుక్క మళ్ళీ రాలేదు. ఒక్క చుక్క రాకపోతే సగటు మారదు కనక యంత్రం దాన్ని పట్టించుకోలేదు.

పేర్రాజు మాత్రం మనిషి మారిపోయాడు. పులుసు గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చి, విస్తళ్ళ వంక చూడకుండా గుమ్మం వంక చూస్తున్నాడని, ఒకాయన విస్తరి పక్కన బల్ల మీద పులుసు పోశాడని కుర్రాళ్ళు చెప్పుకున్నారు. ఒక ఆదివారం ఇంట్లో భోజనాల దగ్గర, కూతురి వంక చూడకుండా అన్నాడు.

"ఆ మిషను తీసెయ్యమ్మా."

"ఏం నాన్నా? అందరూ బాగుందంటుంటే?"

"బాగానే ఉంది. నాకు రద్దీ కావాలి."

హైమ నవ్వింది. "రద్దీ కావాలని అడిగిన హోటలాయన్ని నిన్ను ఒక్కణ్ణే చూశాను. ఎందుకు నాన్నా?"

ఆయన మజ్జిగ పోసుకోకుండా లేచిపోయాడు.

తల్లి సుభద్ర వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయ తరుగుతోంది. హైమ వెళ్ళి పక్కన కూర్చుంది. "నాన్నకేవైంది?" అని అడిగింది.

 ముక్కలు తరుగుతూనే చెప్పింది సుభద్ర. "మీ బాబాయి రావడం మానేసేడే."

"బాబాయా? ఎక్కడికి రావడం?"

"మెస్సుకి. రోజూ వచ్చేవోడు."



బాబాయి అంటే పేర్రాజు తమ్ముడు అబ్బులు. అన్నదమ్ములిద్దరూ కలిసే ఆ మెస్సు పెట్టారు. హైమని బడికి సైకిలు మీద తీసుకెళ్ళిందీ, గల్లా దగ్గర కూర్చోబెట్టి కూడికలు నేర్పిందీ ఆయనే. పెళ్ళి చేసుకోమంటే ఈ పిల్లని పెంచడంతోనే సరిపోయింది నాకు అనేవాడు. హైమ హైదరాబాదులో చదువుకుంటున్న రోజుల్లో, నిండు బంతిలో, పులుసు వడ్డిస్తున్న తమ్ముడి చేతిలోంచి పేర్రాజు గరిటె లాక్కున్నాడు. ఎందుకంటే, ఎవరో తెలిసినవాడికి ఎక్కువ పోశాడని. వంటవాడి చేతిలో గరిటె లాక్కోవడమంటే చెంప మీద కొట్టడం కన్నా ఎక్కువ. ఇక నీతో మాట్లాడను, నీ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను అన్నాడు అబ్బులు. నేనూ మాట్లాడను, వస్తే కస్టమరుగా రా అన్నాడు పేర్రాజు. ఇద్దరూ మాట మీద నిలబడే రకం, అదే వాళ్ళ ఖర్మ. అక్కడి వరకు హైమకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇద్దరికీ మాటల్లేవనీ, బాబాయి వంతెన అవతల జగన్నాథపురంలో ఉంటూ పెళ్ళిళ్ళకి వంటలు చేస్తున్నాడనీ తెలుసు. వంట లేని రోజున ఆయన ఎక్కడ తింటున్నాడన్నది ఆమెకి తెలియదు.

"కస్టమరుగా రమ్మన్నాడు కదా, కస్టమరుగానే వచ్చేవోడు" అంది సుభద్ర. "టోకెను కొనుక్కుని, జనం కిక్కిరిసి ఉన్నప్పుడు చూసి, వాళ్ళలో దూరి కూర్చునేవోడు. నువ్వు గల్లాలో ఉన్న రోజున మాత్రం వచ్చేవోడు కాదు, నువ్వు బాబాయ్ అని పిలిచేస్తావని. మీ నాన్న తల వంచుకుని వడ్డించుకుంటూ వచ్చి, ఆ విస్తరి దగ్గర రెండు గరిటెలు పోసేవోడు. మొహాలు చూసుకోరు. నేను లోపల్నుంచి చూసేదాన్ని. రద్దీలో ఎవరికీ ఏదీ పట్టదు కదా. అలా గడిచిపోయేది."

"మరి ఎందుకు మానేశాడు?"

"మొన్నామధ్య ఎందుకో ఎవరూ లేనప్పుడు వచ్చేడు. హాల్లో ఒక్కడే. కుర్రాడు విస్తరేసి అన్నం పెట్టేడు. మీ నాన్న పులుసు తెచ్చి తలెత్తి చూస్తే ఎదురుగా వాడే. ఇద్దరే ఉన్నారు. వీడు పలకరిస్తాడేమోనని ఆయనా, ఆయన పలకరిస్తాడేమోనని వీడూ అలా చూస్తా ఉండిపోయేరు. చివరికి వాడు లేచి, వడ్డించిన విస్తరి వదిలేసి ఎల్లిపోయేడు. మీ నాన్న ఆ పూట అన్నం తినలేదు."

ఎప్పుడు అని హైమ అడగలేదు. అడగక్కర్లేదు. ఆ రోజు తాను మిఠాయి తెప్పించిన రోజు. తల్లి పక్కన కూర్చుని, గుమ్మడికాయ ముక్కల వంక చూస్తూ, ఆమె తన మణికట్టు మీది కడియాన్ని తిప్పుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మెస్సు వరకు యంత్రాన్ని ఆపేసింది. నాలుగు రోజుల్లో పాత తోపులాట తిరిగొస్తుందనీ, ఆ తోపులాటలో దూరి బాబాయి కూడా వస్తాడనీ అనుకుంది. రోజూ తెర ముందు కూర్చుని ఆ పాత కొండలాంటి గీత కోసం ఎదురుచూసింది. ఆరుగురు, ఆరుగురు, ఆరుగురు. ఒక్కొక్కప్పుడు ఐదుగురు. ఒంటికి నేర్పిన అలవాటు యంత్రం ఆపితే ఆగదు. కడియం అడగకపోయినా ఎవరి వేళకి వాళ్ళకి ఆకలేస్తోంది. ఊళ్ళో మిగతా చోట్ల యంత్రాలు నడుస్తూనే ఉన్నాయి, వాటి చప్పుడుకి ఈ ఒక్క మెస్సు కూడా అడుగు కలుపుతోంది. మనుషులు కూడబలుక్కోకుండా ఒకే వేళకి వచ్చి ఒకరి మీద ఒకరు పడే ఆ పాత అదృష్టాన్ని మళ్ళీ తయారుచెయ్యడం ఆమెకి చేతకాలేదు.

ఇక తానే జగన్నాథపురం వెళ్ళింది.

అబ్బులు గది అరుగు మీద కూర్చుని చినిగిన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. మనిషి సగమయ్యాడు. వంటవాడికి ఉండవలసిన పొట్ట పోయి, మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. హైమని చూసి సూది పక్కన పెట్టాడు.

"ఏవే అమ్మడూ, దారి తప్పేవా? రా. టీ పెడతానుండు."

"నువ్వేంటి బాబాయ్ ఇలా అయిపోయావ్?"

"ఏం లేదే. ఆకలి వెయ్యట్లేదు." అదేదో జలుబు చేసినట్టు మామూలుగా చెప్పాడు. "మొదట్లో విపరీతంగా వేసేది. తెల్లారి లేస్తే అదే గోల. ఎందుకంత ఆకలో తెలిసేది కాదు. ఆపుకునేవోణ్ణి. ఒకరోజు ఆపుకోలేకపోయేను. ఆ తర్వాత నుంచి అసలుకే పోయింది. గంట చూసుకుని తింటన్నాను. వంటకి కూడా పిలవట్లేదు. ఆకలి తెలీనోడు వండితే ఏదో తేడాగా ఉంటందట. నిజమేననుకో."

హైమ చెప్పేసింది. చుక్క గురించీ, కడియం గురించీ, తాను పెంచిన స్పందన గురించీ, ఆ రోజు కొట్టిన చప్పట్ల గురించీ ఒక్కటి దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన చొక్కా మీది గుండీని వేలితో రుద్దుతూ విన్నాడు.

"అంటే" అన్నాడు చివరికి, "ఆ రోజు నాకేసిన ఆకలి నాది కాదన్నమాట."

ఆమె తల వంచుకుంది.

"నేనేమనుకున్నానో తెల్సా? తిండికి కక్కుర్తిపడి మాట తప్పేను, అన్నయ్య ముందు చులకనయిపోయేను అనుకున్నాను. అందుకే మళ్ళీ మొహం చెల్లలేదు." గుండీ మీంచి వేలు తీశాడు. "చిన్నప్పుడు అన్నం తినవే అని నీ వెనకాల వీధంతా తిరిగేవోణ్ణి. నీకు ఆకలేసేదాకా ఆగేవోణ్ణి గాని నోట్లో కుక్కేవోణ్ణి కాదు కదే."

కోపంతో అని ఉంటే హైమ తట్టుకునేది. ఆయన తన మామూలు గొంతుతోనే అన్నాడు. అప్పుడు ఏడిచింది. ఆయన ఓదార్చలేదు, కసురుకోనూ లేదు. లేచి వెళ్ళి టీ పెట్టాడు.

నఫీసా వచ్చి పరీక్షలు చేసింది. కడియం తీయించేసింది. "నరం చచ్చిపోలేదు గాని పలకడం మానేసింది. మళ్ళీ పలుకుతుందో లేదో నేను చెప్పలేను హైమా" అంది. ఆవిడ ముందే హెచ్చరించిన సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరూ దాని జోలికి పోలేదు.

తండ్రికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. మెస్సు వంటింట్లో, పొయ్యి మీద పులుసు మరుగుతుండగా, ఆయన వీపు వంక చూస్తూ చెప్పింది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం చాలలేదు. పేర్రాజు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అంతా విని, గరిటె కడిగి పక్కన పెట్టాడు.

"ఆకలి పోవడమేవిటి, నీ మొహం. నా పులుసు వాసన తగిలితే అదే వస్తుంది. నీ మిషన్ల సంగతి నాకు చెప్పకు. మా అబ్బులు సంగతి నాకు తెలుసు."

హాల్లో జనం కూర్చునే ఉన్నారు. పొయ్యి కట్టేసి, వడ్డన కుర్రాళ్ళకి అప్పగించి, కేరేజీలో అన్నం, పప్పు, కూర సర్దుకుని, పై గిన్నె నిండా పులుసు పోసుకుని చెప్పులేసుకున్నాడు. పులుసు గిన్నె ఇంకొకరి చేతికి ఇచ్చి ఆయన మెస్సు దాటడం కుర్రాళ్ళు చూడడం అదే మొదటిసారి. హైమ వెనకాలే వెళ్ళింది. ఆటోలో ఆయన కేరేజీ ఒళ్ళో పెట్టుకుని, వేడికి తొడలు కాలుతున్నా కదలకుండా కూర్చున్నాడు. ఆమె వంక చూడలేదు. ఆమెకి మాత్రం, ఇన్నాళ్ళకి మొదటిసారి, చిన్న ఆశ పుట్టింది. లెక్కల్లో లేనివి కూడా కొన్ని ఉంటాయేమో అనుకుంది.

అబ్బులు గుమ్మంలోకి వచ్చి అన్నని చూశాడు. వీధిలో ఎవరూ లేరు, ఇంట్లో ఎవరూ లేరు. మొహాలు తప్పించుకోవడానికి జనం లేరు. పేర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లో విస్తరాకుందా, అదీ లేదా?"

"ఉంది అన్నయ్యా."

తొమ్మిదేళ్ళ పంతం అంతటితో అయిపోయింది. ఇంత తేలికా అనిపించింది హైమకి. అంత తేలికైన పనికి ఇద్దరూ ఇన్నేళ్ళు జనం చాటున దాక్కున్నారు.

నేల మీద విస్తరేసి అబ్బులు కూర్చున్నాడు. పేర్రాజు వడ్డించాడు. అన్నం మీద పులుసు పోస్తుంటే గది నిండా ఇంగువ వాసన, బెల్లం వాసన కమ్ముకున్నాయి. ఆయన ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, ఈసారి తల వంచుకోకుండా, తమ్ముడి మొహమే చూస్తూ ఉండిపోయాడు.

అబ్బులు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

"బాగుంది అన్నయ్యా."

"మారు వెయ్యనా?"

"వెయ్యి."

పేర్రాజు వేశాడు. అబ్బులు దాన్నీ తిన్నాడు. మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగి, మళ్ళీ కలుపుకున్నాడు. మూడోసారి పులుసు పొయ్యమని తనే అడిగాడు. విస్తరిలో మెతుకు మిగల్చలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, కడుపు నిండిపోయింది అన్నాడు నవ్వుతూ. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని ఎవరెవరో పాత కస్టమర్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. పేర్రాజు ఒకటి రెండుసార్లు గట్టిగా నవ్వాడు కూడా. హైమ గుమ్మానికి జేరబడి వింటూ, తండ్రి అన్నదే నిజమైంది, వాసన తగలగానే వచ్చేసింది అనుకుంది. నఫీసాకి చెప్పాలని కూడా అనుకుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కకుండా పేర్రాజు నడక మొదలుపెట్టాడు. ఖాళీ కేరేజీ చేతిలో చప్పుడు చేస్తోంది. ఇద్దరూ వంతెన దగ్గరికి వచ్చారు.

"చూశావా నాన్నా, ఎంత తిన్నాడో" అంది హైమ.

"ముప్పయ్యేళ్ళుగా తినేవోళ్ళని చూస్తన్నానమ్మా. విస్తరి చూస్తే చాలు, మొహం చూడక్కర్లేదు నాకు. ఆకలున్నోడు మొదటి ముద్ద కలిపే తీరే వేరు." ఆయన ఆగి, వంతెన గోడకి ఆనుకున్నాడు. "ఇన్నాళ్ళూ మాటల్లేకపోయినా, వాడు వాడి ఆకలికి వచ్చి, వాడి ఇష్టానికి తిని ఎల్లేవోడు. ఇవాళ నా కోసం తిన్నాడే."

 ఆయన కేరేజీ ఆమె చేతికిచ్చాడు.

"రేపట్నుంచి నువ్వు పట్టుకెళ్ళు. వాడలా తింటా ఉంటే నేను చూళ్ళేను."